పాత బుల్లెట్‌కి ఛార్జింగ్ కాయిల్ వెతకడం, మార్చడం ఎలా?

పాత కాస్ట్ ఐరన్ (పోత ఇనుము ఇంజిన్ ఉన్న) రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ మీద దూరాలు తిరిగేవాళ్లకి ఈ సమస్య ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. బండి బాగానే పోతుంటుంది. ముందు హారన్ గొంతు తగ్గుతుంది, ఇండికేటర్ నీరసంగా కొట్టుకుంటుంది, కాసేపటికి ఇంజిన్ మిస్ కొట్టడం మొదలవుతుంది. పాయింట్ల బండిలో (స్పార్క్‌ని కాంటాక్ట్ పాయింట్లు నడిపే పాత రకం) స్పార్క్‌కి కరెంటు బ్యాటరీ నుంచే రావాలి కాబట్టి, ఛార్జింగ్ కాయిల్ పోయి బ్యాటరీ పడిపోతే ఇంజిన్ కూడా ఆగిపోతుంది. ఊళ్లో ఆగితే ట్రాలీ ఆటోలో వేసుకుని మెకానిక్ దగ్గరికి పోవచ్చు. రాత్రిపూట రాకపోకలు ఆపేసే శ్రీశైలం అడవి దారిలోనో, లంబసింగి ఘాట్‌లోనో ఆగితే ఆ టెన్షన్ వేరు.

మంచి విషయం ఏమిటంటే, ఈ పని మీ ఇంటి ముందు మీరే చేసుకోవచ్చు. క్లచ్ విప్పక్కర్లేదు, ఇంజిన్ దించక్కర్లేదు. డబ్బులు దండగయ్యేది కవర్ విప్పాక కాదు, విప్పకముందే. కారణం తేల్చుకోకుండా బ్యాటరీ మార్చి, ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్-రెక్టిఫైయర్) మార్చి, చివరికి సరిపోని కాయిల్ కొనేవాళ్లే ఎక్కువ. అందుకే కొలవడం గురించి, వెతకడం గురించి ఇక్కడ కొంచెం ఎక్కువే చెబుతాను.

ఇది కుడికాలు గేరు, ఎడమకాలు బ్రేకు, నాలుగు గేర్లు, కిక్ మాత్రమే ఉన్న 12 వోల్టుల కాస్ట్ ఐరన్ బుల్లెట్‌ని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఎలక్ట్రిక్ స్టార్ట్ ఉన్న పాత మోడళ్లలో ఇదే కవర్ కింద స్టార్టర్ మోటార్‌ని ఇంజిన్‌కి కలిపే స్ప్రాగ్ క్లచ్, దాని గేర్లు కూడా ఉంటాయి. మొదటిసారి విప్పేటప్పుడు తెలిసినవాళ్లని పక్కన పెట్టుకోండి. తర్వాత వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజిన్ల అమరిక పూర్తిగా వేరు, వాటికి ఈ పద్ధతి పనికిరాదు.

లోపల ఏముంది

ఇంజిన్‌కి ఎడమ పక్క, ప్రైమరీ చైన్ కవర్ లోపల ఆల్టర్నేటర్ ఉంటుంది. క్రాంక్ షాఫ్ట్ కొసన తిరిగే అయస్కాంతం రోటర్. దాని చుట్టూ మూడు స్టడ్ల మీద కదలకుండా కూర్చున్న కాయిళ్ల చట్రం స్టేటర్. షాపులో దీన్ని మ్యాగ్నెట్ కాయిల్ అనో, కాయిల్ ప్లేట్ అనో అడుగుతారు. రోటర్ చెడిపోవడం తక్కువ. స్టేటర్ మాత్రం ఏళ్ల తరబడి ఇంజిన్ వేడి, మీద పడే ఆయిల్, బండి వణుకుడు అన్నీ భరిస్తుంది. తీగల మీద వార్నిష్ పెళుసెక్కి రాలిపోతే లోపల షార్ట్ అవుతుంది. లేదంటే బయటికి వచ్చే వైరు చైన్‌కి రాసుకుని తెగుతుంది.

పాత బుల్లెట్లలో చాలావాటిలో కాయిళ్లు రెండు జట్లు. ఒక జట్టు హెడ్‌లైట్‌కి నేరుగా ఏసీ ఇస్తుంది. రెండోది ఆర్ఆర్ యూనిట్ ద్వారా డీసీగా మారి బ్యాటరీని ఛార్జ్ చేస్తుంది. అందుకే హెడ్‌లైట్ ధగధగా వెలుగుతున్నా బ్యాటరీ చచ్చిపోవచ్చు. "లైటు బానే ఉంది కదా, కాయిల్ మంచిదే" అని ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు కొలవండి

మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. మీటర్ కన్నా ముందు, హెడ్‌లైట్ డూమ్ మీదున్న అమ్మీటర్ ముల్లుని చూడండి. ఐడ్లింగ్‌లో బ్రేక్ లైటో ఇండికేటరో వేస్తే ముల్లు మైనస్ వైపు కాస్త పోవడం మామూలే. యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు మాత్రం అది ప్లస్ వైపు రావాలి. బ్యాటరీ నిండే కొద్దీ మధ్యకి వచ్చి నిలబడాలి. ఎంత రేజ్ చేసినా ప్లస్ వైపు రావట్లేదంటే ఛార్జింగ్ లేదని అర్థం.

ఇక మీటర్ తీయండి. రాత్రంతా ఊరికే ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టుల పైచిలుకు చూపిస్తుంది. 12 కన్నా తక్కువ ఉంటే ముందు బయట ఛార్జ్ చేయించండి. చచ్చిన బ్యాటరీతో తీసిన ఏ రీడింగూ నమ్మడానికి ఉండదు. తర్వాత బండి స్టార్ట్ చేసి, రేజ్ పెంచి, బ్యాటరీ టెర్మినల్స్ దగ్గరే కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య వస్తే ఛార్జింగ్ బాగుంది, మీ సమస్య ఇంకెక్కడో ఉంది. 15 దాటితే ఆర్ఆర్ యూనిట్ కంట్రోల్ తప్పింది. ఆపి ఉన్నప్పటి వోల్టేజీ కన్నా ఏమాత్రం పెరగకపోతే కాయిల్, ఆర్ఆర్ యూనిట్, మధ్యలో వైరింగ్, ఈ మూడింట్లో ఏదో ఒకటి దెబ్బతింది.

ఏదో తేల్చడానికి స్టేటర్ కప్లర్ (వైర్లని కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) విప్పాలి. ప్రైమరీ కేస్ వెనక నుంచి వచ్చే వైర్ల వెంట పైకి పోతే అది దొరుకుతుంది. కప్లర్‌ని ముందు కళ్లతో చూడండి. పిన్ను నల్లబడి, ప్లాస్టిక్ కరిగి ఉంటే జబ్బు అక్కడే ఉండొచ్చు. కొత్త కప్లర్ వేసి మళ్లీ కొలిస్తే కాయిల్ ఖర్చే తప్పుతుంది.

కప్లర్ బాగుంటే మూడు పరీక్షలు చేయండి.

1. ఇంజిన్ ఆపి, మీటర్‌ని ఓమ్స్‌లో పెట్టండి. మీటర్ పిన్నులు రెండూ ఒకదానికొకటి తాకించి, వచ్చిన అంకె గుర్తుపెట్టుకోండి. ఛార్జింగ్ జత వైర్ల మధ్య కొలిచి ఆ అంకె తీసేయండి. చాలా తక్కువ రెసిస్టెన్స్ రావాలి. మీటర్ అసలు కదలకపోతే తీగ లోపల తెగిపోయింది.

2. ఒక పిన్ను ఛార్జింగ్ వైరుకి, రెండోది ఇంజిన్ మీద గీకి శుభ్రం చేసిన చోట పెట్టండి. ఏమీ చూపించకూడదు. కాస్త రీడింగ్ వచ్చినా కాయిల్ బాడీకి షార్ట్ అయినట్టే. కొన్ని రకాల్లో హెడ్‌లైట్ జతలో ఒక కొసని కావాలనే ఎర్త్ చేస్తారు. ఆ జత విషయంలో వైరింగ్ డయాగ్రమ్ చూసుకోకుండా తీర్పు చెప్పకండి.

3. కప్లర్ విప్పి ఉండగానే బండి స్టార్ట్ చేసి, మీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి ఛార్జింగ్ వైర్ల మధ్య కొలవండి. రేజ్ పెంచే కొద్దీ అంకె నిలకడగా పెరుగుతూ 20 వోల్టులు దాటిపోవాలి. అలా పెరిగితే స్టేటర్ మంచిది, ఆర్ఆర్ యూనిట్‌నీ దాని ఎర్త్‌నీ చూడండి. నాలుగైదు వోల్టుల దగ్గరే ఆగిపోతే కాయిల్ పోయింది.

మూడోదే అసలు పరీక్ష. తీగల చుట్లలో రెండు మూడు ఒకదానికొకటి షార్ట్ అయితే ఓమ్స్ రీడింగ్‌లో తేడా కనిపించదు, ఏసీ వోల్టేజీలో మాత్రం దొరికిపోతుంది.

సరైన కాయిల్ వెతకడం

"350 బుల్లెట్ కాయిల్ ఇవ్వండి" అంటే సరిపోదు. ఏళ్లు మారే కొద్దీ స్టేటర్లు కూడా మారాయి. 6 వోల్టులవి, 12 వోల్టులవి ఉన్నాయి. వైర్ల సంఖ్యలో, కాయిళ్ల సంఖ్యలో తేడాలున్నాయి. పైగా పాతికేళ్ల బండికి మధ్యలో ఏ ఓనర్ ఏం మార్చాడో తెలియదు. ఆర్‌సీలో ఉన్న సంవత్సరం చూసి కొన్న కాయిల్ మీ బండిలో ఉన్న స్టేటర్‌తో సరిపోలకపోవచ్చు.

కాబట్టి వీలైతే కవర్ విప్పి, పాత స్టేటర్ చేతిలో పట్టుకుని షాపుకి వెళ్లండి. కౌంటర్ మీద కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి చూడాల్సినవి ఇవి: కాయిళ్లు ఎన్ని, బయటికొచ్చే వైర్లు ఎన్ని, వాటి రంగులు, మూడు స్టడ్ రంధ్రాల దూరం, లోపలి వ్యాసం, చట్రం మందం. పాతదాన్ని కొత్తదాని మీద పెట్టి రంధ్రాల్లోంచి వెలుతురు చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. లోపలి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలవండి. అర మిల్లీమీటరు తేడా ఉన్నా రోటర్ దగ్గర ఇబ్బంది పెడుతుంది.

హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ రాణిగంజ్, కోస్తా వాళ్లకి విజయవాడ ఆటోనగర్ మొదట వెతకాల్సిన చోట్లు. బుల్లెట్ సామాన్లకి ఢిల్లీ కరోల్‌బాగ్, బెంగళూరు జేసీ రోడ్డు పేరున్నవి. చెన్నై పుదుపేట పాత బళ్ల విడిభాగాలకి ప్రసిద్ధి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కూడా ఒకసారి అడగండి. పాత మోడల్ కదా, లేదంటారని మీరే అనుకుని వదిలేయకండి.

కొనే ముందు షాపులోనే మీటర్ పెట్టి ఓమ్స్, ఎర్త్ రెండూ చూసుకోండి. కాయిల్ చుట్ల మీద వార్నిష్ సమానంగా పట్టి ఉండాలి, వైర్ల స్లీవ్ గోరుతో నొక్కితే మెత్తగా వంగాలి. గట్టిగా, మైనంలా ఉన్న చౌక స్లీవ్ వేడి ఆయిల్‌లో ఎక్కువ కాలం ఆగదు.

కొత్తది దొరక్కపోతే రీవైండింగ్ (పాత చట్రం మీదే కొత్త తీగ చుట్టించడం) ఉంది. నన్నడిగితే, పేరూ ఊరూ లేని డబ్బాలో వచ్చిన కొత్త కాయిల్ కన్నా, పని తెలిసిన వైండింగ్ షాపులో కట్టించిన పాత కాయిల్ ఎంతో మేలు. ఇనుప చట్రం కంపెనీదే కాబట్టి కొలతల గొడవ ఉండదు. షాపతనితో మాత్రం మూడు విషయాలు గట్టిగా చెప్పండి: పాత తీగ గేజే (మందమే) వేయాలి, చుట్లు లెక్కపెట్టి అన్నే వేయాలి, పక్కపక్క కాయిళ్ల చుట్టే దిశ పాతదాంట్లో ఎలా ఉందో అలాగే ఉండాలి. దిశ ఒక్క కాయిల్‌లో తప్పినా దాని కరెంటు మిగతావాటి కరెంటుని కొట్టేస్తుంది. చివర్లో వార్నిష్ వేసి ఓవెన్‌లో ఆరబెట్టమనండి, ఎండలో పెట్టి ఇచ్చేస్తానంటే ఒప్పుకోకండి.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసేయండి. బండి సెంటర్ స్టాండ్ మీద, గట్టి నేల మీద ఉండాలి. స్పార్క్ ప్లగ్ తీసి పక్కన పెట్టండి, తర్వాత ఇంజిన్ తిప్పడం తేలికవుతుంది.

ఎడమ ఫుట్‌రెస్ట్, బ్రేక్ పెడల్ విప్పండి. కవర్ కింద వెడల్పాటి ట్రే పెట్టండి. కవర్ మధ్యలో ఉండే పెద్ద నట్టు ఒక్కటే దాన్ని పట్టి ఉంచుతుంది. ఆ నట్టు తీశాక కవర్ రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తకండి, అల్యూమినియం అంచు చెడితే జీవితాంతం ఆయిల్ కారుతుంది. రబ్బరు సుత్తితో చుట్టూ మెల్లగా తడితే వదులుతుంది. ఆయిల్ ట్రేలో పడనివ్వండి. అందులో మెరిసే లోహపు పొడి ఉందేమో వేలికి రాసుకుని చూడండి.

ఇప్పుడు ముందు వైపు స్టేటర్, వెనక క్లచ్, మధ్యలో చైన్ కనిపిస్తాయి. ఏదీ ముట్టుకోకముందే ఫోన్‌లో ఫోటోలు తీయండి: స్టేటర్ ఏ ముఖం బయటికి ఉంది, వైరు ఏ వైపు నుంచి పోతోంది, ఏ క్లిప్‌లో కూర్చుంది. తర్వాత మూడు నట్లు విప్పి, స్టేటర్‌ని రెండు చేతులతో తిన్నగా లాగండి. అయస్కాంతం పట్టి ఉంటుంది కాబట్టి ఒక్క ఊపున రాదు. స్టడ్ల మీద స్పేసర్లు, వాషర్లు ఉంటే ఏ స్టడ్‌వి ఆ స్టడ్‌కే ఉండేలా కాగితంలో చుట్టి పెట్టండి.

వైరు లోపలి కేస్‌లోని రబ్బరు గ్రొమెట్ గుండా వెనక్కి పోతుంది. కప్లర్ ఆ రంధ్రంలో పట్టదు, అందుకే పిన్నుల స్థానాలు ఫోటో తీసుకుని వాటిని కప్లర్‌లోంచి ఊడదీయాలి. బయటికి లాగే ముందు వైర్ల కొసకి గట్టి దారం కట్టండి. పాత వైర్లు వచ్చేస్తే దారం వాటి దారిలో ఉండిపోతుంది. కొత్తవి అదే దారానికి కట్టి వెనక్కి లాగితే పని నిమిషంలో అయిపోతుంది.

రోటర్‌ని వదిలేయకండి

కాయిల్ ఎందుకు పోయిందో చాలాసార్లు రోటర్ ఒంటి మీదే రాసి ఉంటుంది. దాని మీద ఒక పక్క మెరుస్తున్న గీతలుంటే అది స్టేటర్‌కి తగులుతోంది. రోటర్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. లొటలొట తెలిస్తే రోటర్ నట్టు వదులైనా అయ్యుండాలి, క్రాంక్ మెయిన్ బేరింగ్ అరిగైనా ఉండాలి. నట్టు అయితే బిగిస్తే పోతుంది. బేరింగ్ అయితే, అది మార్చకుండా కొత్త కాయిల్ వేయడం దాన్ని కూడా తగలబెట్టుకోవడమే. ఆ స్థితిలో ఇంజిన్ పని ముందు చేయించండి, టూర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అయస్కాంతానికి పట్టిన ఇనుప రజను గుడ్డతో పోదు. చపాతీ పిండి ముద్ద చేసి రోటర్ మీద అద్దుతూ పోతే మొత్తం వచ్చేస్తుంది. తర్వాత పెట్రోల్‌తో తుడిచి ఆరనివ్వండి.

కవర్ తెరిచి ఉండగానే ప్రైమరీ చైన్ పట్టు కూడా చూసుకోండి. పై వరస మధ్యలో నొక్కితే 6 మిల్లీమీటర్ల దాకా ఆడాలి. ఇంజిన్ తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగుతుగా ఉన్నచోట ఆ ఆట ఉండేలా అడ్జస్ట్ చేయండి.

బిగించడం: గ్యాప్ దగ్గర తొందర వద్దు

మొత్తం పనిలో నైపుణ్యం కావాల్సింది ఇక్కడొక్కచోటే. రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య చుట్టూ కనీసం 0.20 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. స్టడ్ రంధ్రాల్లో కొంచెం వదులు ఉంటుంది కాబట్టి స్టేటర్ ఒక పక్కకి జరిగి కూర్చోవచ్చు. అలా బిగిస్తే మొదటి 50 కిలోమీటర్లలోనే తగులుతుంది.

ఇనుప ఫీలర్ గేజ్ (ఖాళీ కొలిచే పల్చటి రేకు) అయస్కాంతానికి అతుక్కుపోయి తప్పు చెబుతుంది. ఇత్తడి గేజ్ దొరికితే మంచిది. దొరక్కపోతే కూల్‌డ్రింక్ బాటిల్ ప్లాస్టిక్‌ని వేలెడు వెడల్పున ఆరు పట్టీలుగా కత్తిరించి, వాటి మందం వెర్నియర్‌తో కొలవండి. బాటిల్లో ఒక్కో చోట ఒక్కో మందం ఉంటుంది, సరిపోయిన చోటే కత్తిరించుకోండి.

కొత్త వైర్లు గ్రొమెట్ గుండా పంపి, స్పేసర్లు పాత వరసలోనే పెట్టి, స్టేటర్‌ని పాత ముఖమే బయటికి ఉండేలా స్టడ్ల మీదకి తోయండి. నట్లు చేత్తో మాత్రమే తిప్పండి. ఆరు పట్టీలనూ చుట్టూ సమాన దూరంలో రోటర్‌కీ స్టేటర్‌కీ మధ్య దూర్చండి. ఇప్పుడు నట్లని ఒకదాని తర్వాత ఒకటి, పావు చుట్టు చొప్పున బిగిస్తూ పోండి. ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్తే స్టేటర్ పక్కకి లాగేస్తుంది. అన్నీ బిగిశాక పట్టీలు లాగండి. అన్నీ ఒకే రకం బిగువుతో రావాలి. ఒకటి జారిపోయి, ఎదురుది ఇరుక్కుంటే మళ్లీ వదులు చేసి మొదటి నుంచి చేయండి. ఒక్కసారికే కుదరకపోతే విసుక్కోకండి, అది మామూలే.

గ్యాప్ కుదిరాక బండిని టాప్ గేర్లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పండి. రోటర్ పూర్తి చుట్టు తిరిగేటప్పుడు ఎక్కడా గీసిన చప్పుడు రాకూడదు. ఒక పట్టీని నాలుగు స్థానాల్లో మళ్లీ దూర్చి చూడండి.

వైర్లు చైన్‌కి దూరంగా, క్లిప్‌లో కూర్చోవాలి. క్లిప్ లేకపోతే వేయించండి, పాతది అక్కడే తెగి ఉండొచ్చు. గ్రొమెట్ గట్టిపడితే కొత్తది వేసి, చుట్టూ పల్చగా సిలికాన్ రాయండి. కప్లర్ పిన్నులని క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కించండి. వైర్లు మెలిపెట్టి టేప్ చుడితే టూర్ మధ్యలో అదే చోట కరుగుతుంది.

మూసి, చూసి

కవర్ అంచులోని రబ్బరు సీలు కొత్తది వేయండి. మధ్య నట్టు ఆయిల్ ఆగేంత బిగిస్తే చాలు, బలం చూపిస్తే కవర్ వంగుతుంది. బండి నిటారుగా ఉంచి, లెవెల్ స్క్రూ తీసి, ఆ రంధ్రం దాకా ఆయిల్ పోయండి. సుమారు 420 మిల్లీలీటర్లు పడుతుంది. క్లచ్ ప్లేట్లు ఈ ఆయిల్‌లోనే తిరుగుతాయి కాబట్టి కార్ల కోసం చేసిన ఖరీదైన సింథటిక్ ఆయిల్ వద్దు, క్లచ్ జారుతుంది. మామూలు బైక్ 20డబ్ల్యూ-40 చాలు.

ప్లగ్, బ్రేక్ పెడల్, ఫుట్‌రెస్ట్ బిగించి, బ్రేక్ పని చేస్తోందో లేదో తప్పక చూసుకోండి. బ్యాటరీ నెగటివ్ చివర్లో కలపండి. స్టార్ట్ చేసి, రేజ్ పెంచి, మళ్లీ బ్యాటరీ దగ్గర కొలవండి. 14కి అటూఇటూ వస్తే పని అయినట్టే. 15 దాటితే వెంటనే ఆపేయండి, ఆర్ఆర్ యూనిట్ మార్చేదాకా బండి నడపొద్దు.

దూరప్రయాణాలకి అదనపు ఫాగ్ లైట్లు వేయించేవాళ్లకి ఒక మాట. 55 వాట్ల హాలోజెన్లు రెండు పెడితే 12 వోల్టుల దగ్గర 9 ఆంపియర్లకి పైగా లాగుతాయి. పాత బుల్లెట్ ఛార్జింగ్ జత అంత ఇవ్వలేదు, లోటంతా బ్యాటరీ భరిస్తుంది. ఎల్ఈడీలు పెట్టుకోండి, విడిగా ఫ్యూజు, రిలే వేయించండి. దారిలో ఛార్జింగ్ పోతే మాత్రం పగలే వెళ్లండి. ఇండికేటర్లూ ఫోన్ ఛార్జరూ మానేయండి. 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద ఇగ్నిషన్ ఒక్కటే 2 ఆంపియర్లు వాడితే కాగితం మీద రెండున్నర గంటలు, పాత బ్యాటరీతో అందులో సగం. దాన్నిబట్టి దగ్గరి ఊరు ఎంచుకోండి.

మొదటి 200 కిలోమీటర్ల తర్వాత గ్రొమెట్ దగ్గరా కవర్ కిందా ఆయిల్ చెమ్మ ఉందేమో వేలితో చూడండి. కప్లర్‌ని పట్టుకోండి, చెయ్యి కాలేంత వేడిగా ఉంటే పిన్ను వదులుగా ఉంది, తీసి మళ్లీ క్రింప్ చేయించండి.